బాడీ పోతుంది, లెన్సు మిగులుతుంది

1936లో జపాన్‌లో హాన్సా కానన్ అనే కెమెరా అమ్మకానికి వచ్చింది. కానన్ పేరు మోసిన మొదటి కెమెరా అదే. దాని లెన్సు మీద మాత్రం ‘నిక్కోర్’ అని చెక్కి ఉంది. ఆ లెన్సునూ, దాన్ని బిగించే మౌంట్‌నూ, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌నూ తయారుచేసి ఇచ్చింది నిప్పన్ కొగాకు అనే కంపెనీ. ఇప్పుడు దాని పేరు నికాన్. ఫొటోగ్రాఫర్లను దశాబ్దాలుగా రెండు పార్టీలుగా చీల్చిన ఈ ఇద్దరు ప్రత్యర్థులూ తొలి అడుగు కలిసే వేశారు.

అలా కలవాల్సిన అవసరం కానన్‌దే. ఆ కుర్ర కంపెనీకి మంచి కెమెరా చేయాలన్న పట్టుదల ఉంది కానీ లెన్సు చేసే విద్య లేదు. చిన్న వర్క్‌షాపులోనైనా బాడీని తయారుచేయొచ్చు. లెన్సుకు అలా కుదరదు. దానికి మేలైన గాజు కావాలి, గాజులో కాంతి ఎలా వంగుతుందో చెప్పే లెక్కలు కావాలి, ఆ లెక్క తప్పకుండా అరగదీసే చేతులు కావాలి. బాడీకీ లెన్సుకూ మధ్య ఈ అంతరం ఇప్పటికీ ఉంది. డిజిటల్ బాడీ నాలుగైదేళ్లకే పాతదైపోతుంది. మంచి లెన్సు ఇరవయ్యేళ్లయినా పనిచేస్తుంది. అయినా కొట్లో కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి మెగాపిక్సెళ్లు చూసి బాడీని ఎంచుకుని, పెట్టెలో ఏ లెన్సు వస్తే దానితో సరిపెట్టుకుంటాడు.

సూరత్‌లో కెమెరాకు దొరికే పనులు చూస్తే ఆ పద్ధతి ఎందుకు చెల్లదో తెలుస్తుంది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల నుంచి హైదరాబాద్, విజయవాడ కొట్లకు రావాల్సిన చీర, బేలు కట్టకముందే ఫొటోగా మారి వాట్సాప్‌లో వచ్చేస్తుంది. వరాఛాలో సానపట్టిన వజ్రాన్ని ఎక్కడో ఉన్న కొనుగోలుదారు ముందు ఫొటోలోనే చూస్తాడు. మరమగ్గాల పని కోసం కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వెళ్లి లింబాయత్ లాంటి పేటల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో అర్ధరాత్రి దాటాక ముహూర్తాలుంటాయి. చీర, రాయి, పెళ్లి అనే ఈ మూడు పనుల్లో ఒకదానికి ప్రాణమైన లెన్సు మరొకదానికి దండగ. ఎందుకలా అంటే లెన్సు ధర ఒక్కరు కట్టింది కాదు. ఒక్కో కాలంలో ఒక్కొక్కరు ఒక్కో చిక్కు విప్పారు, ప్రతి పరిష్కారమూ ధరలో ఒక వాటాగా చేరింది. ఏ వాటా ఎలా వచ్చిందో తెలిస్తే, దేనికి డబ్బు పెట్టాలో దేనికి అక్కర్లేదో మనకే తెలుస్తుంది.

మరలో పుట్టిన మారుబేరం

జర్మనీలో వెట్జ్‌లార్ పట్టణంలోని లైట్జ్ కంపెనీలో ఓస్కార్ బార్నాక్ అనే ఇంజనీరు, సినిమా ఫిల్ము వాడే లైకా అనే చిన్న కెమెరా తయారుచేశాడు. 1925లో లైప్‌జిగ్ సంతలో ప్రజల ముందుకొచ్చిన ఆ లైకాకు 50 మి.మీ. లెన్సును రూపొందించినవాడు మాక్స్ బెరెక్. మొదట్లో ఆ లెన్సు ఊడేది కాదు. ఆ మాటకొస్తే చాలా కాలం తర్వాత గుజరాత్‌లోనే వడోదరలో తయారై మన ఇళ్లలో తిరిగిన ఆగ్ఫా క్లిక్ 3కీ లెన్సు ఊడదు. అలాంటి కెమెరాతో లెన్సు విలువ అనే ప్రశ్నే రాదు. కెమెరా ధరే లెన్సు ధర.

1930లో లైకా లెన్సు ఊడదీసి మార్చుకునేలా వచ్చింది. కానీ అందులో ఒక మెలిక ఉంది. ప్రతి లెన్సునూ ఫలానా బాడీకి సరిపోయేలా ఫ్యాక్టరీలోనే విడిగా సరిచేసేవారు. మీ లెన్సును పక్కవాడి లైకాకు బిగిస్తే ఫోకస్ తప్పేది. మౌంట్ అంచు నుంచి ఫిల్ము దాకా ఉండే దూరం ఒక్కో బాడీలో వెంట్రుకవాసి తేడాగా ఉండటమే కారణం. 1931లో లైట్జ్ ఆ దూరాన్ని అన్ని బాడీల్లోనూ 28.8 మిల్లీమీటర్లకు కట్టడి చేసింది. 39 మి.మీ. మరతో ఏ లెన్సయినా ఏ బాడీకయినా సరిపోయింది.

లెన్సుకు మారుబేరం విలువ పుట్టింది అక్కడే. అంతకుముందు లెన్సు ఒకే కెమెరాకు చెందిన వస్తువు. ఆ తర్వాత అది ఎవరికైనా అమ్మదగ్గ ఆస్తి. ఇంకో ఫలితమూ వచ్చింది. కొలత ఖాయమయ్యేసరికి బయటివాళ్లు కూడా ఆ మరకు లెన్సులు చేయడం మొదలుపెట్టారు. 1950లో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నిక్కోర్ లెన్సుల నాణ్యత చూసి ఆశ్చర్యపోయి, వాటిని తన లైకాలకు బిగించుకుని కొరియా యుద్ధానికి వెళ్లాడు. జర్మన్ బాడీ మీద జపాన్ లెన్సు తీసిన ఆ ఫొటోలు జపాన్ గాజుకు ప్రపంచంలో పేరు తెచ్చాయి. ఇవాళ సిగ్మా, టామ్రాన్ చేస్తున్న వ్యాపారానికి తొలి రూపం అది.

అద్దానికి కట్టిన అద్దె

లైకాలో మనం చూసే కిటికీ వేరు, ఫొటో తీసే లెన్సు వేరు. లెన్సు చూసేదే మనకూ కనిపించాలంటే లెన్సు వెనక ఒక అద్దం పెట్టి కాంతిని పైకి మళ్లించాలి. 1936లో డ్రెస్డెన్ నుంచి వచ్చిన కీనే ఎగ్జాక్టా ఆ పని 35 మి.మీ. ఫిల్ముతో చేసి చూపింది. ఇలాంటి కెమెరానే ఎస్‌ఎల్‌ఆర్ అంటారు. 1959లో నికాన్ ఎఫ్ ఆ పద్ధతిని వృత్తి ఫొటోగ్రాఫర్ల చేతికి అందించింది.

షట్టర్ నొక్కగానే అద్దం లేవాలి. అందుకు చోటు కావాలి. అందువల్ల నికాన్ ఎఫ్‌లో మౌంట్ నుంచి ఫిల్ముకు దూరం 46.5 మి.మీ. అయింది. 50 మి.మీ. లెన్సుకు దీంతో ఇబ్బంది లేదు. 28 మి.మీ. లాంటి వైడ్ లెన్సుకు మాత్రం తంటా వచ్చింది. మామూలు నిర్మాణంలో దాని వెనక భాగం ఫిల్ముకు బాగా దగ్గరగా ఉండాలి, అక్కడేమో అద్దం తిరుగుతోంది. ఫ్రాన్స్‌లో పియెర్ ఆంజెన్యూ 1950లో దీనికి ఉపాయం చూపాడు. లెన్సు ముందు భాగంలో కాంతిని వెడల్పు చేసే పుటాకార గాజు పెడితే, లెన్సు దూరంగా ఉన్నా బొమ్మ సరైన చోటే పడుతుంది. ఉపాయం ఫలించింది కానీ గాజు పలకలు పెరిగాయి, బరువు పెరిగింది, వాటితోపాటు ధరా పెరిగింది. అద్దం ఉన్న కెమెరాలకు వైడ్ లెన్సు కొన్న ప్రతివాడూ అరవై ఏళ్లపాటు అద్దానికి అద్దె కట్టాడు.

వెలుతురు ధర

1839లో ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైనప్పుడు మనిషి ముఖం తీయడం మహా కష్టం. లెన్సు సన్నగా వెలుతురు పంపేది, కూర్చున్నవాడు నిమిషాల తరబడి కదలకూడదు. వియన్నాలో గణిత ఆచార్యుడు యోజెఫ్ పెట్జ్‌వాల్ 1840లో లెక్కలు కట్టి ఎఫ్/3.6 దగ్గర పనిచేసే లెన్సు రూపొందించాడు. ఆ ఎఫ్ పక్కనున్న అంకె ఒక భాగహారం. లెన్సు ఫోకల్ దూరాన్ని దాని ద్వారం వెడల్పుతో భాగిస్తే వస్తుంది. 50 మి.మీ. లెన్సుకు ఎఫ్/1.8 కావాలంటే ద్వారం సుమారు 28 మి.మీ. ఉండాలి. ఎఫ్/1.2 కావాలంటే సుమారు 42 మి.మీ. ఉండాలి. వెలుతురు రెండింతలకు కాస్త పైనే పెరుగుతుంది. గాజు బరువూ, లోపాలు సవరించే కష్టమూ, ధరా అంతకన్నా ఎన్నో రెట్లు పెరుగుతాయి.

1896లో కార్ల్ జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ ప్లానార్ అనే లెన్సుకు రూపం ఇచ్చాడు. ఆరు గాజు పలకలు, ద్వారానికి అటూ ఇటూ దాదాపు ఒకేలాంటి అమరిక. ఎక్కువ వెలుతురు పంపే లెన్సులకు అదే దారి అని కాలం తేల్చింది. అప్పట్లో మాత్రం అది అంతగా నడవలేదు. పూత లేని గాజు గాలికి తగిలే ప్రతిచోటా సుమారు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. అలాంటి తలాలు ఎనిమిది ఉంటే బొమ్మ వెలవెలబోతుంది.

దీనికి మందు అనుకోకుండా దొరికింది. 1890ల్లో ఇంగ్లండ్‌లో హెరాల్డ్ డెనిస్ టేలర్ అనే లెన్సుల నిపుణుడు వింత ఒకటి గమనించాడు. వాడి వాడి మసకబారిన పాత లెన్సు, కొత్త లెన్సు కన్నా ఎక్కువ వెలుతురు పంపుతోంది. గాజు మీద ఏర్పడిన పలుచని పొర ప్రతిఫలనాన్ని తగ్గిస్తోందన్నమాట. 1935లో జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకులా అలాంటి పొరను కావాలని పూసే పద్ధతి కనిపెట్టాడు. పూత రాగానే రుడాల్ఫ్ అమరికకు కొత్త ఊపిరి వచ్చింది. కానన్ 1990లో తెచ్చిన ప్లాస్టిక్ మౌంట్ 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సులో ఉన్నది ఆ వంశపు ఆరు పలకలే. బరువు 130 గ్రాములు. తక్కువ డబ్బుకు ఎక్కువ వెలుతురు కావాలనుకున్న ఒక తరం అంతా అదే కొంది.

ఈ వాటా పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు చెందింది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు, మండపంలో వెలుతురు మన మాట వినదు. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6కు పడిపోతుంది. అక్కడ ఎఫ్/1.8 లెన్సు దాదాపు పదింతల వెలుతురు ఇస్తుంది. బాడీ మార్చి ఇంత లాభం పొందడం చాలా ఖరీదైన పని, లెన్సు మారిస్తే చాలా చవకలో అయిపోతుంది.

ఫోకస్ మోటారు ఎక్కడుండాలి?

1985లో మినోల్టా ఆల్ఫా 7000 వచ్చి ఆటోఫోకస్‌ను ఎస్‌ఎల్‌ఆర్‌లో నిజంగా పనికొచ్చే వస్తువుగా నిలబెట్టింది. మోటారు బాడీలో ఉండేది, అది ఒక కడ్డీతో లెన్సును తిప్పేది. పోటీదారులకు గుండెల్లో రాయి పడింది. అప్పుడు నికాన్, కానన్ వేర్వేరు దారులు పట్టాయి.

నికాన్ తన 1959 నాటి మౌంట్‌ను వదల్లేదు. అదే రింగుకు కడ్డీ జోడించి, మోటారు బాడీలో పెట్టింది. కానన్ పాత ఎఫ్‌డీ మౌంట్‌ను 1987లో పూర్తిగా పక్కన పెట్టి ఈఎఫ్ అనే కొత్త మౌంట్ తెచ్చింది. 54 మి.మీ. వెడల్పు, కడ్డీలూ మీటలూ లేవు, అన్నీ విద్యుత్ సంకేతాలే, ప్రతి లెన్సులో దాని సొంత మోటారు. ఎఫ్‌డీ దూరం 42 మి.మీ., ఈఎఫ్ దూరం 44 మి.మీ. ఆ రెండు మిల్లీమీటర్ల వల్ల పాత లెన్సు కొత్త బాడీ మీద దూరపు వస్తువులను ఫోకస్ చేయలేకపోయింది. జీవితమంతా ఎఫ్‌డీ లెన్సులు పోగేసుకున్నవాళ్లు మండిపడ్డారు. వాళ్ల ఆస్తి విలువ ఒక్క ప్రకటనతో పడిపోయింది.

ఇరవయ్యేళ్ల తర్వాత కానన్ తెగింపుకు ఫలం కనిపించింది. ఏ ఈఎఫ్ లెన్సయినా ఏ ఈఓఎస్ ఫిల్ము బాడీ మీదైనా, తర్వాతి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ మీదైనా ఫోకస్ అవుతుంది. నికాన్ విశ్వాసానికి మాత్రం సన్నని అక్షరాల్లో షరతులు చేరాయి. 2006లో ధర తగ్గించడానికి డీ40 బాడీలోంచి మోటారు తీసేసింది. ఆ తర్వాత వచ్చిన డీ3000, డీ5000 వరుసల చవక బాడీలూ అంతే. చవక బాడీ కొన్నవాడు చవకగా దొరికే 50 మి.మీ. ఎఫ్/1.8డీ లెన్సు కొంటే అది బిగుసుకుంటుంది, ఫొటో తీస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. రింగు సరిపోయినంత మాత్రాన లెన్సు సరిపోయినట్టు కాదని అలా ఎందరో కౌంటర్ దాటాక తెలుసుకున్నారు.

మౌంట్ వెడల్పు కూడా నికాన్‌ను కట్టిపడేసింది. 44 మి.మీ. ద్వారంలో ఆటోఫోకస్ కాంటాక్టులకు చోటు పెట్టి ఎఫ్/1.2 ఇరికించడం కష్టం. కానన్ 1989లోనే ఎఫ్/1.0 ఆటోఫోకస్ లెన్సు అమ్మింది. నికాన్ ఎఫ్ మౌంట్‌లో ఎఫ్/1.2 ఆటోఫోకస్ లెన్సు ఎన్నడూ రాలేదు.

చీర మీద అలలు

1991లో కొడాక్, నికాన్ ఎఫ్3 బాడీకి 1.3 మెగాపిక్సెళ్ల సెన్సర్ తగిలించి మొదటి వ్యాపార డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ అమ్మింది. 1999లో నికాన్ డీ1, 2003లో వెయ్యి డాలర్ల లోపు కానన్ 300డీ వచ్చాయి. ఫిల్ము సైజంత పెద్ద సెన్సర్ చేయడం ఖరీదు కాబట్టి అప్పటి బాడీల్లో ఫిల్ము కన్నా చిన్న సెన్సర్లు పెట్టారు. అంచులు కత్తిరించుకుపోయి 50 మి.మీ. లెన్సు నికాన్‌లో 75లా, కానన్‌లో 80లా కనిపించింది. ఒలింపస్ 2003లో ఫోర్ థర్డ్స్ పేరుతో ఇంకా చిన్న సెన్సర్‌కే కొత్త మౌంట్ కట్టింది. అక్కడ ఆ లెక్క రెండింతలు.

డిజిటల్ తెచ్చిన అసలు చిక్కు సూరత్‌కు సొంత చిక్కు. సెన్సర్ మీద పిక్సెళ్లు గళ్లు గళ్లుగా ఉంటాయి. షిఫాన్, నెట్, జార్జెట్‌లో దారాలూ గళ్లు గళ్లుగా ఉంటాయి. ఒక గడి మీద ఇంకో గడి పడి దాదాపు సరితూగినప్పుడు బట్టలో లేని రంగురంగుల అలలు ఫొటోలో కనిపిస్తాయి. దీన్ని ‘మోరే’ అంటారు. చీర కొనేవాడికి అది కొత్త డిజైన్‌లా కనిపిస్తే సరుకు తిరిగి వస్తుంది. దీన్ని అరికట్టడానికి కంపెనీలు సెన్సర్ ముందు బొమ్మను కొంచెం మసకబరిచే ఫిల్టర్ పెట్టాయి. 2012లో నికాన్ 36 మెగాపిక్సెళ్ల డీ800తోపాటు, ఆ ఫిల్టర్ ప్రభావాన్ని రద్దుచేసిన డీ800ఈ కూడా తెచ్చింది. వాడి ఎక్కువ కావాలనుకున్నవాళ్లు రెండోదానికి ఎక్కువ డబ్బు ఇచ్చారు. బట్టల ఫొటోగ్రాఫర్‌కు ఆ ఎక్కువ వాడే తలనొప్పి.

లెన్సు విలువ తలకిందులయ్యే చోటు ఇది. ఎంత వాడి లెన్సయితే మోరే అంత స్పష్టంగా పడుతుంది. పైగా స్టూడియోలో ఫ్లాష్‌లు ఉంటాయి, ఫొటోగ్రాఫర్ లెన్సు ద్వారాన్ని, అంటే అపర్చర్‌ను, ఎఫ్/8కో ఎఫ్/11కో మూస్తాడు. నాలుగు మీటర్ల దూరంలో మోడల్ నిలబడితే, పెద్ద సెన్సర్ మీద 50 మి.మీ. లెన్సు ఎఫ్/8 దగ్గర దాదాపు మూడు మీటర్ల నుంచి ఆరు మీటర్ల పైదాకా అంతా ఫోకస్‌లో ఉంచుతుంది. చాచిన చేతి మీద పరిచిన పల్లూ, వెనక కుచ్చిళ్లూ అన్నీ తేటగా వస్తాయి. ఎఫ్/1.4 దగ్గర ఆ లోతు అరమీటరే. చీర కేటలాగులో పల్లూ మసకైతే అమ్మేదేమిటి? ఇక ఎఫ్/11 దగ్గర భౌతిక శాస్త్రమే కలగజేసుకుంటుంది. సన్నని ద్వారం గుండా వచ్చే కాంతి చుక్క సుమారు 15 మైక్రాన్ల బిళ్లగా పరుచుకుంటుంది. డీ800 లాంటి కెమెరాలో అది మూడు పిక్సెళ్ల వెడల్పు. ఆ దశలో 10 వేల లెన్సూ లక్ష రూపాయల లెన్సూ దాదాపు ఒకటే అవుతాయి, మోరే కూడా తగ్గుతుంది. కేటలాగు స్టూడియో ఎఫ్/1.2 లెన్సు కొంటే, ఎన్నడూ తెరవని ద్వారానికి డబ్బు పోసినట్టే. ఆ డబ్బుతో మంచి లైట్లు కొంటే రంగు చీర నుంచి చీరకు మారకుండా ఉంటుంది. కొట్టువాడు అడిగేదీ అదే.

అద్దం తీసేశాక

2008లో పానసోనిక్ జీ1 అద్దాన్ని తీసేసి ‘మిర్రర్‌లెస్’ కెమెరాగా వచ్చింది. ఫోర్ థర్డ్స్‌లో 38.67 మి.మీ. ఉన్న దూరం కొత్త మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 19.25కు తగ్గింది. సోనీ 2010లో 18 మి.మీ. ఈ-మౌంట్ తెచ్చి, 2013లో ఏ7తో పూర్తి సైజు సెన్సర్‌ను అందులో కూర్చోబెట్టింది. 2018లో నికాన్, కానన్ కూడా దిగాయి. 59 ఏళ్లు ఒకే రింగును కాపాడుకొచ్చిన నికాన్ 55 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. దూరంతో జడ్ మౌంట్ మొదలుపెట్టింది. కానన్ ఆర్‌ఎఫ్ 54 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. దూరం తీసుకుంది. అదే ఏడాది లైకా, పానసోనిక్, సిగ్మా కలిసి ఎల్-మౌంట్ ఒప్పందం ప్రకటించాయి.

దూరం తగ్గడంతో రెండు సంగతులు జరిగాయి. వైడ్ లెన్సులకు అద్దె తప్పింది. పాత లెన్సులకు మళ్లీ ప్రాణం వచ్చింది. దూరం ఎక్కువ కావాల్సిన లెన్సును దూరం తక్కువ ఉన్న బాడీకి బిగించాలంటే మధ్యలో ఖాళీ రింగు చాలు. 1987లో అనాథలైన ఎఫ్‌డీ లెన్సులు సోనీ బాడీల మీద దూరపు కొండల దాకా చక్కగా ఫోకస్ చేస్తున్నాయి. ఈ దారి ఒకవైపే నడుస్తుంది. మిర్రర్‌లెస్ లెన్సును పాత ఎస్‌ఎల్‌ఆర్‌కు పెట్టడం కుదరదు.

కొత్త మౌంట్లన్నీ బతకలేదు. నికాన్ 1 వరుస 2011లో వచ్చి 2018లో ఆగిపోయింది. 2010లో వచ్చిన శామ్‌సంగ్ ఎన్‌ఎక్స్ అంతకన్నా ముందే కనుమరుగైంది. కానన్ 2012లో మొదలుపెట్టిన ఈఎఫ్-ఎం మౌంట్ చిన్న కెమెరాలతో బాగానే అమ్ముడై, ఆర్‌ఎఫ్ వచ్చాక వారసులు లేక మూలపడింది. ఆ లెన్సులు పాడవలేదు. ముందుకు వెళ్లే బాడీ లేదంతే.

ఒకే అంకె, మూడు ధరలు

ఇప్పుడు 50 మి.మీ. ఎఫ్/1.8 అనే ఒకే అంకెను మూడు మౌంట్లలో చూద్దాం. 2016లో వచ్చిన సోనీ లెన్సు బరువు 186 గ్రాములు, అమెరికాలో విడుదల ధర 250 డాలర్లు. 2020 నాటి కానన్ ఆర్‌ఎఫ్‌ది 160 గ్రాములు, 200 డాలర్లు, లోపల ఆరు పలకలు. 2018 నాటి నికాన్ జడ్‌ది 415 గ్రాములు, 600 డాలర్లు, లోపల పన్నెండు పలకలు. అంకె ఒకటే, వస్తువులు వేరు. నికాన్ కొత్త వెడల్పును వాడుకుని అంచుల దాకా వాడిగా ఉండే లెన్సు చేసింది. కానన్ పాత వంశాన్నే కొత్త రింగులో పెట్టింది. మండపంలో వధూవరుల ముఖాలు తీసేవాడికి కానన్ లెన్సే చాలు. అంచు నుంచి అంచు దాకా జరీ కనిపించాలనుకునేవాడు, తెరిచిన అపర్చర్‌లోనే తీసేవాడైతే నికాన్ వైపు చూడాలి. ఎఫ్/8కు మూసేవాడికి ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

అంకె కన్నా పెద్ద సంగతి, ఆ మౌంట్‌కు లెన్సులు చేసే అనుమతి ఎవరికుంది అనేది. సోనీ 2011లో ఈ-మౌంట్ ప్రాథమిక వివరాలను ఇతర తయారీదారులకు రుసుము లేకుండా ఇచ్చింది. దాని ఫలితం 2018లో కనిపించింది. టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 జూమ్ దాదాపు 800 డాలర్లకు వచ్చింది. ఆ కోవలో సోనీ సొంత 24-70 ధర అప్పట్లో సుమారు 2,200 డాలర్లు. పెళ్లి ఫొటోగ్రాఫర్లు బ్రాండ్ మారడానికి బాడీతోపాటు అలాంటి లెన్సూ ఒక కారణమే. కానన్ వేరే దారి పట్టింది. ఆర్‌ఎఫ్ మౌంట్‌కు ఆటోఫోకస్ లెన్సులు చేసిన ఒక చైనా తయారీదారు కానన్ అభ్యంతరంతో 2022లో అమ్మకం ఆపేసింది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లకు కానన్ తలుపు తెరిచింది కానీ, మొదలుపెట్టింది చిన్న సెన్సర్ లెన్సులతోనే. తలుపు ఎంత తెరిచి ఉంటే లెన్సు ధర అంత దిగుతుంది.

రాయికి వేరే లెక్క

పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే సూరత్ రేవులో దిగి గోల్కొండ గనులకు వెళ్లి వజ్రాలు కొన్నాడు. ఇప్పుడు కృష్ణ ఒడ్డున ఆ గనులు లేవు. లోకంలో తవ్వే రాళ్లలో చాలావరకు సానకు సూరత్ చేరుతున్నాయి. అక్కడ ముఖాముఖి బేరం పదింతలు చూపే చిన్న భూతద్దంతో మొదలవుతుంది. మంచి భూతద్దంలో మూడు గాజు పలకలు అతికించి ఉంటాయి, లేకపోతే రాయి అంచున లేని రంగు కనిపించి ధర తప్పుతుంది.

రాయిని ఫొటో తీయాలంటే కొత్త కొలతలు కావాలి. ఒక క్యారెట్ గుండ్రని వజ్రం అడ్డంగా సుమారు 6.5 మి.మీ., లోతు 4 మి.మీ. దాన్ని అసలు సైజులో సెన్సర్ మీద పడేసే మాక్రో లెన్సులో, పెద్ద సెన్సర్ లెక్కతో, ఎఫ్/8 దగ్గర ఫోకస్ లోతు సుమారు ఒక మిల్లీమీటరు. అందుకే ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ చాలా ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతారు. కెమెరా స్టాండు మీద ఉంటుంది, రాయి కదలదు. ఆటోఫోకస్ మోటారుకు ఇక్కడ పనిలేదు, పెద్ద ద్వారానికీ పనిలేదు. అంటే 1985 తర్వాత ధరలో చేరిన వాటా మొత్తం వదులుకోవచ్చు. చేత్తో తిప్పే పాత మాక్రో లెన్సు, ఒక అడాప్టర్ రింగు చాలు.

చిన్న సెన్సర్ తక్కువది అన్న మాట కూడా ఇక్కడ నిలవదు. ఆ 6.5 మి.మీ. బొమ్మ 24 మి.మీ. ఎత్తున్న పెద్ద సెన్సర్‌లో నాలుగో వంతుకు కాస్త పైన ఆక్రమిస్తుంది. 13 మి.మీ. ఎత్తున్న మైక్రో ఫోర్ థర్డ్స్‌లో సగం నిండుతుంది. వేరే సాధనం లేకుండానే రాయి రెండింతలు పెద్దదిగా వస్తుంది.

ఏ వ్యవస్థ గొప్పది అనే వాదన ఇందుకే తేలదు. చీరకు లైట్లూ మూసిన అపర్చరూ ముఖ్యం కాబట్టి, ఆ స్టూడియోకు ఏ మౌంట్‌లోనైనా పాత లెన్సు సరిపోతుంది. మిర్రర్‌లెస్‌కు మారినవాళ్లు వదిలేస్తున్న కానన్ ఈఎఫ్, నికాన్ ఎఫ్ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో ఈ స్టూడియోల కోసమే ఉన్నట్టున్నాయి. రాయికి మాక్రో ఉంటే చాలు, మోటారు అక్కర్లేదు. పెళ్లికి వెలుతురూ వేగమైన ఫోకసూ రెండూ కావాలి, ధరలోని వాటాలన్నీ కట్టక తప్పదు. పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు మాత్రం బయటి తయారీదారులకు తలుపు తీసిన మౌంట్ లక్షల తేడా తెస్తుంది.

రింగ్ రోడ్డు వ్యాపారి ఒక్క చీర ధర చూసి బేరం తేల్చడు. సెట్ మొత్తం ఎంత పడుతుంది, మిగిలిపోయినవి ఎంతకు పోతాయి అని చూస్తాడు. కెమెరాకూ ఆ లెక్కే నప్పుతుంది. వచ్చే ఐదేళ్లలో కావలసిన లెన్సులు రాసుకుని, ఒక్కో మౌంట్‌లో వాటి మొత్తం కట్టి, మళ్లీ అమ్మితే వచ్చేది తీసేస్తే మిగిలేదే ఆ వ్యవస్థ అసలు ధర. బాడీ అందులో ఒక వరుస మాత్రమే. దుకాణదారు కొత్త బాడీ పెట్టె ముందుకు జరిపినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: ‘దీనికి నేను కొనబోయే మూడో లెన్సు ఎంత, దాన్ని మీరు కాక ఇంకెవరు చేస్తారు?’